సున్నా దగ్గర చీల

మా తాతయ్యను ఊరంతా ముల్లు తాత అంటుంది. ఆయన బీపీ మిషన్లు బాగుచేస్తాడు. గుండ్రటి అద్దం వెనక అంకెల మీద తిరిగే ముల్లు ఉంటుంది కదా, అది ఎక్కడ నిలబడాలో చెప్పే పెద్దమనిషి ఈయనే. క్లినిక్కుల నుంచి కాంపౌండర్లు సంచుల్లో మోసుకొచ్చి బల్ల మీద కుమ్మరిస్తారు. ఈయన కంటికి భూతద్దం బిగించుకుని నలభై మూడేళ్ళుగా వాటికి బుద్ధి చెబుతున్నాడు. నేను తొమ్మిదో తరగతి తప్పి, చదువుకు ఒక దండం పెట్టి, ఆయన పక్క బల్ల మీద చేరి తొమ్మిదేళ్ళయింది. చిల్లుపడ్డ పైపులు మార్చడం, గాలి కారే బుడ్డిని కనిపెట్టడం నా పని. ముల్లు మాత్రం నన్ను ముట్టుకోనివ్వడు.

మా కొట్లో ఒక పద్ధతి ఉంది. బాగైన ప్రతి మిషన్నూ గోడకున్న పాదరసం మిషనుతో మూడు మూతుల పైపు పెట్టి కలపాలి. ఒకే బుడ్డితో రెండింటికీ గాలి కొట్టాలి. ఐదు చోట్ల రెండూ ఒకే మాట చెప్పాలి. గాలి వదిలేశాక ముల్లు దేనికీ ఆనుకోకుండా, దానంతట అది సున్నా దగ్గరికి రావాలి. రాకపోతే మిషను గుమ్మం దాటదు.

ఇందులో మోసం చేసేవాళ్ళూ ఉన్నారు. సరిగ్గా బాగుచేసే ఓపిక లేక ముల్లును కిందికి జరిపి, సున్నా పక్కన సన్నటి ఇత్తడి చీల దిగేస్తారు. ముల్లు ఆ చీలకు ఆనుకుని ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. చూసేవాడికి సున్నా కనబడుతుంది. కానీ అక్కడి నుంచి చెప్పే ప్రతి అంకె తక్కువే. ఒకసారి అలాంటి మిషను మా బల్ల మీదికి వస్తే తాతయ్య దాన్ని పట్టుకుని, అది చేసినవాడి కొట్టుకే వెళ్ళాడు. ముగ్గురు బేరగాళ్ళ ముందు అద్దం ఊడదీసి చీల పీకి, "మనిషి ప్రాణం మీద కొట్టావురా ఈ చీల" అన్నాడు. ఆ రోజు ఆయన సంచి మోసుకుంటూ వెనక్కి వస్తుంటే నా కాళ్ళు నేల మీద లేవు.

ఇక మాత్ర సంగతి. పద్నాలుగేళ్ళ కిందట పాత కొట్టు పడగొట్టినప్పుడు ఆయనకు నిద్ర పట్టక, ఎవరో డాక్టరు పదిహేను రోజుల పాటు రోజుకొక చిన్న మాత్ర రాశాడు. ఆ పదిహేను రోజులు పద్నాలుగేళ్ళయ్యాయి. ఒకటి రెండయింది. పక్కవీధి మందుల కొట్టు పెద్దాయన, డాక్టరు చీటీ అడక్కుండానే కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. ఇంట్లో మాకు మాత్రం అది గ్యాసు మాత్ర. "మా తాతయ్య కడుపులో గ్యాసుకు ఒక పొయ్యి బిగిస్తే వీధి వీధంతా వంట చేసుకోవచ్చు" అని నేనే అందరితో అనేదాన్ని. ఆయనా నవ్వేవాడు. ఆ నవ్వు ఎంత బరువో నాకేం తెలుసు?

ఆ పెద్దాయన మంచాన పడ్డాక కూతురు కొట్లో కూర్చుంది. తాతయ్య వెళ్ళేసరికి నలుగురున్నారు. "తాతగారూ, ఇది నిద్రమాత్ర. చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఇన్నేళ్ళు వాడారంటే ఒంటికి అలవాటైపోయి ఉంటుంది, ఒకసారి డాక్టరుకి చూపించుకోండి" అంది. నెమ్మదిగానే చెప్పిందట. ఈయన చెవులకు మాత్రం దండోరా వేసినట్టు వినబడింది. ఆ నలుగురిలో మాకు మిషన్లు పంపే క్లినిక్కు నర్సు కూడా ఉంది. తల కొట్టేసినట్టయి ఇంటికొచ్చాడు. ఎవరితోనూ ఒక్క మాట చెప్పకుండా ఆ రోజే మాత్ర మానేశాడు.

మూడో రోజు పొద్దున కొట్లో ఆయన చేతిలోంచి పట్టకారు జారిపడింది. తీసి ఇచ్చాను. మళ్ళీ పడింది. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. ఆయనే చేతికి పట్టా చుట్టుకుని గాలి కొట్టుకున్నాడు. నూట ఎనభై ఆరు. కింది అంకె నూట పన్నెండు.

"మిషను పాడైంది," అన్నాడు.

ఇంకోటి ఇచ్చాను. అదీ అదే చెప్పింది.

"ఇదీ పాడైంది."

"తాతయ్యా, కొట్లో అన్నీ ఒకేసారి పాడవడానికి మిషన్లేమైనా సమ్మె చేస్తున్నాయా?" అని, నాడి పట్టుకుని చూశాను. నూట ఇరవై ఎనిమిది. నాకు నవ్వు ఆగిపోయింది. ఆటో పిలిచి, మా దగ్గరే మిషన్లు బాగుచేయించుకునే క్లినిక్కు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

అక్కడే గ్యాసు బండారం బయటపడింది. డాక్టరమ్మ తిట్టలేదు. "తాతగారూ, ఈ జాతి మాత్రని ఒక్కసారిగా ఆపకూడదు. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. పద్నాలుగేళ్ళు అది మీ నరాలకి పగ్గం వేసి పట్టుకుంది. పగ్గం ఒక్కసారి వదిలేస్తే ఎద్దు బండిని ఎటు లాక్కెళ్తుందో ఎవరు చెప్పగలరు?" అంది. మళ్ళీ పాత మోతాదే మొదలుపెట్టించింది. నిలకడగా ఉన్నాక, రెండు మూడు వారాలకోసారి కొద్దికొద్దిగా తగ్గిద్దామంది. గుండె దడకు వేరే మాత్ర రాసి, "ఇది దడను కాస్త తగ్గిస్తుందంతే, నిద్రమాత్ర చేసే పని చెయ్యదు. మీ అంతట మీరు పెంచొద్దు, ఆపొద్దు" అంది.

నాకు ఒక పుస్తకం అప్పగించింది. పొద్దున, సాయంత్రం ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోబెట్టి, రెండుసార్లు బీపీ, నాడి చూసి రాయాలి. అంతకుముందు అరగంట టీ తాగకూడదు. "ఆ అంకెల్ని బట్టే తగ్గించాలో ఆగాలో చూస్తాను" అంది.

"ఈ సంగతి ఎవరికీ..." అన్నాడు తాతయ్య, నేల చూస్తూ.

"నేనెందుకు చెబుతాను తాతగారూ?"

తగ్గించడం మొదలైంది. పొద్దున్నే తాతయ్య కిటికీ దగ్గర కూర్చుని, ముల్లు తనవైపు తిప్పుకుని అంకె పలికేవాడు. నేను రాసేదాన్ని. నాడి కూడా ఆయనే లెక్కపెట్టుకునేవాడు. నూట ముప్పై రెండు, ఎనభై నాలుగు. నాడి డెబ్భై ఆరు. పెళ్ళికొడుక్కి ఉండాల్సిన అంకెలు. నిజం చెప్పాలంటే నా ఒక చేతిలో కలం, ఇంకో చేతిలో ఫోను ఉండేవి. ఆయన చెప్పింది రాయడమే తప్ప తలెత్తి చూసింది లేదు.

క్లినిక్కులో చూస్తే బీపీ ఎక్కువే ఉండేది. డాక్టరమ్మ పుస్తకం తిరగేసి, "కొందరికి మమ్మల్ని చూస్తేనే పెరుగుతుంది. ఇంట్లో బాగుందిగా. అయినా మీ ఇంటి మిషను కంటే నమ్మకమైంది ఎక్కడుంటుంది తాతగారూ? భేష్!" అని నవ్వేది. మాత్ర ఇంకాస్త తగ్గించేది. ఇలా మూడుసార్లు.

పుస్తకం నునుపు తేలుతుంటే మనిషి చిక్కిపోతున్నాడు. గిన్నె కింద పడితే ఉలిక్కిపడేవాడు.

"ఏంటి నాన్నా, కూర్చున్నచోటే ఆయాసపడుతున్నావ్?" అంది అమ్మ ఒకరోజు.

"వయసు."

"మొన్నటిదాకా ఊరెళ్ళిందా వయసు?" అన్నాను నేను. ఎప్పుడూ వీపు మీద ఒకటి వేసేవాడు. ఆ రోజు వెయ్యలేదు.

మూడోసారి తగ్గించిన ఆరు రోజులకు, తాతయ్య స్నానానికి వెళ్ళినప్పుడు, తోచక ఆ పట్టా నా చేతికే చుట్టుకున్నాను. ఎనభై ఆరు, యాభై. ఈ లెక్కన నేను గోడ పట్టుకుని నడవాలి. నేనేమో బండరాయిలా ఉన్నాను. ఫక్కున నవ్వాను. ఆ నవ్వు సగంలోనే చచ్చింది. మిషను పట్టుకుని పరుగున కొట్లోకి వెళ్ళి పాదరసం మిషనుకు కలిపాను. పాదరసం నూట నలభై అంటే, ముల్లు నూట పదహారు అంది. అద్దం ఊడదీశాను.

సున్నా పక్కన చీల ఉంది. వెంట్రుకంత సన్నగా, కొస గుండ్రంగా అరగదీసి ఉంది. అంత నాజూగ్గా ఆకురాయి పట్టగల చెయ్యి ఈ ఊళ్ళో ఒక్కటే. అదీ పట్టకారు నిలవనంతగా వణికే రోజుల్లో. ఎంతసేపు కూర్చున్నాడో, ఎన్నిసార్లు జారవిడుచుకున్నాడో.

వెనక చెప్పుల చప్పుడయింది. భుజం మీద తువ్వాలుతో తాతయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"మూత పెట్టెయ్."

"తాతయ్యా, ఇది నువ్వేనా..."

"పెట్టెయ్ అన్నానా!"

"ఆ రోజు ఆ మనిషిని ముగ్గురి ముందు నిలబెట్టి..."

"గుర్తుంది," అన్నాడు. పీట మీద కూలబడ్డాడు. "తొందరగా అయిపోవాలనుకున్నానే. రోజూ నువ్వు అంకె రాస్తుంటే, తాగుబోతు ముందు కూర్చుని సీసాలు లెక్కపెడుతున్నట్టుండేది. ఆవిడ భేష్ అంటే... కాసేపు మనిషిననిపించేది."

కంచే చేను మేసిందని అరుద్దామని నోటిదాకా వచ్చింది. అంతలో పుస్తకం గుర్తొచ్చింది. అందులో ఉన్న ప్రతి అబద్ధమూ నా దస్తూరీలోనే ఉంది.

పాదరసం మిషనుతో ఆయన బీపీ చూశాను. నూట డెబ్భై రెండు, నూట నాలుగు. వేళ్ళతో నాడి చూశాను. నూట ఇరవై రెండు. పుస్తకం ప్రకారం డెబ్భై నాలుగు ఉండాలి.

"నేనిప్పుడే ముల్లు సరిచేస్తా. ఇవాళ్టినుంచి నిజమే రాద్దాం. పాతది తవ్వడం ఎందుకు?" అన్నాడు. బతిమాలుతున్నాడని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. నన్ను ఆయన ఎప్పుడూ బతిమాలలేదు. ఒప్పుకుందామనే అనిపించింది.

"పాత అంకెలు చూసేగా తాతయ్యా ఆవిడ మోతాదు కోసింది? ఇప్పుడు ఒక్కసారిగా పెరిగితే ఏమనుకుని ఏం మందు రాస్తుందో! ఈసారి నిజంగానే ఫిట్స్ వస్తే అమ్మకి నేనేం చెప్పాలి?"

ఆయన లేచి, మిషన్ను తనే సంచిలో పెట్టుకున్నాడు.

క్లినిక్కులో దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. చెప్పింది నేనే. ఆయన అద్దం ఊడదీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరమ్మ ఆ చీలనే చూస్తూ ఉండిపోయింది. తిడితే బాగుండునని మొదటిసారి కోరుకున్నాను. ఆవిడ మళ్ళీ తనే బీపీ చూసి, ఈసీజీ తీయించి, మాత్రను ఒక మెట్టు వెనక్కి పెంచింది. "ఇక్కడే ఆగుదాం. దడ, బీపీ దారికొచ్చేదాకా తగ్గించేది లేదు. ఏడాది పట్టినా సరే. ఇది పరుగు పందెం కాదు తాతగారూ" అంది.

లేవబోతుంటే ఆవిడ గోడకు తగిలించిన బీపీ మిషన్ల వైపు చూసింది. "ఈ మూడు నెలల్లో మా మిషన్లు ఆరు మీ దగ్గరికొచ్చి వెళ్ళాయి."

తాతయ్య మొహంలో రక్తం లేదు. "వాటిలో చీల లేదమ్మా."

"నమ్ముతాననే అనాలని ఉంది."

"నమ్మొద్దమ్మా," అన్నాడు. "కొలవండి."

మా కొట్టు నుంచి పాదరసం మిషను తెప్పించారు. తాతయ్య రోగుల బెంచీ మీద, అందరి మధ్యలో కూర్చున్నాడు. నేను ఒక్కోటీ కలిపి చూశాను. ఐదు సరిగ్గా ఉన్నాయి. ఆరోది ఆరు తక్కువ చూపించింది. చీల లేదు, మోసం లేదు. వణికే చెయ్యి ముల్లును గట్టిగా కూర్చోబెట్టక అది తర్వాత జారింది, అంతే. క్లినిక్కుకు వచ్చిన ప్రతివాళ్ళకూ మొదట బీపీ చూసే మిషను అదే. బెంచీ మీద ఒకావిడ తన చేతి వైపు చూసుకుంది. తాతయ్య ఆవిణ్ణి చూసి తల దించుకున్నాడు.

కొట్టుకొచ్చి, బాగుచేసి పంపిన మిషన్ల చీటీలు తిరగేశాం. ఆ మూడు నెలల్లో బయటికెళ్ళినవి ఇంకా పాతిక మిషన్లు, పదకొండు చోట్ల. పాదరసం మిషను నా భుజాన వేసుకుని బయల్దేరాం. మొదటి క్లినిక్కులో కాంపౌండరు ఎందుకని అడిగితే, "స్ప్రింగుల్లో ఏదో లోపం ఉందని..." అన్నాడు తాతయ్య. నేను పళ్ళు కొరుక్కున్నాను. అక్కడివి మూడూ సరిగ్గానే ఉన్నాయి. వీధి మలుపుదాకా నడిచి ఆగిపోయాడు.

"ఏంటి తాతయ్యా, దడగా ఉందా?"

"స్ప్రింగులేం చేశాయే పాపం," అన్నాడు.

వెనక్కి తిరిగాడు. కాంపౌండరు ఎవరికో ఇంజెక్షన్ సిద్ధం చేస్తున్నాడు. తాతయ్య గుమ్మంలోనే నిలబడి, పాఠం అప్పజెప్పేవాడిలా ఒకే ఊపిరిలో అన్నాడు. "లోపం స్ప్రింగులది కాదు బాబూ. నాది. నిద్రమాత్రకి అలవాటుపడ్డాను. మానుతున్నాను. చెయ్యి వణుకుతోంది. అందుకే చూసుకుంటున్నాను."

కాంపౌండరు ఇబ్బందిగా నవ్వాడు. మిషన్ల వైపు చూశాడు, మా వైపు చూశాడు. "అయ్యో, దానిదేముంది తాతా. కాకపోతే... కొన్నాళ్ళు మిషన్లు ఇంకో చోట ఇస్తాంలే. ఏమనుకోకు."

"ఇవ్వు. అలాగే ఇవ్వు," అన్నాడు తాతయ్య.

బయట మెట్ల మీద కూర్చున్నాం. ఆయన చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. లోపలికి వెళ్ళేవాళ్ళు పక్కకు తప్పుకుని వెళ్తున్నారు. ఇంకా పదిచోట్ల ఇదే మాట చెప్పాలి. నేను నోరు విప్పబోతే వద్దని వేలు చూపించాడు. మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చున్నాక, తనే చెయ్యి నా ఒళ్ళో పెట్టి మొహం అటు తిప్పుకున్నాడు.

వేళ్ళు పెట్టి లెక్కపెట్టాను.

"నూట ఎనిమిది," అన్నాను.

"రాసుకో," అన్నాడు.