హార్బరుకొస్తున్న చుక్క

2022లో మాదాపూర్‌లో ఓడల జాడ చూపించే కంపెనీలో చేరాను. సముద్రానికి ఇంత దూరంలో కూర్చుని ఏ బోటు ఎక్కడుంది, పొడవెంత, ఇంజనెంత అని స్పెసిఫికేషన్లు సరిచూడటం నా పని. బోటు మీద ట్రాన్స్‌పాండర్ అనే పెట్టె ఉంటుంది. అది పంపే సమాచారాన్ని బట్టి మా తెర మీద చుక్క కదులుతుంది.

మా హాస్టల్లో వంటచేసే సత్యవతిగారిది కాకినాడ వైపు. ఒకరోజు టిఫిన్ల వేళ నా పక్కన వచ్చి కూర్చుంది.

"మా తమ్ముడు చేపల వేటకెళ్ళాడండి. తుఫానంటున్నారు. ఫోను కలవట్లేదు. కాస్త చూసి చెప్పండమ్మా" అంటూ బోటు నంబరిచ్చింది.

ఆఫీసుకెళ్ళగానే వెతికాను. చుక్క హార్బరు వైపే వస్తోంది. ఇక నేనాగుతానా! ఫోన్ చేసి, "వచ్చేస్తున్నాడు ఆంటీ, గంటలో ఒడ్డునుంటాడు" అన్నాను. ఆవిడ సంతోషంతో ఏడ్చేసింది. నాకూ గొప్పగానే అనిపించింది.

పక్క సీటు యాదగిరి నా తెర వైపు తొంగిచూశాడు. "ఏందక్కా, గీ బోటు పదిహేను నాట్లు పోతున్నదా? రికార్డుల ఏమున్నది?"

నాట్ అంటే సముద్రం మీద వేగానికి కొలత. రికార్డు తెరిచాను. పద్నాలుగు మీటర్ల పాత చెక్క బోటు. ఎంత తోలినా ఎనిమిది నాట్లు దాటదు. అంటే ఈ చుక్క ఆ బోటుది కాదు.

బోటు ఓనరుకు ఫోన్ చేస్తే తాపీగా చెప్పాడు. "ఆ పెట్టె మా కొత్త ఫైబరు బోటుకి మార్చామండి. పాతదానికి ఇంకా కొనలేదు."

"మరి పాత బోటు?"

"అదింకా రాలేదండి."

ఒళ్ళు మండిపోయింది. సగం ఆయన మీద, సగం నా మీద. వెంటనే రెస్క్యూ సెంటరుకు చెప్పాం. వాళ్ళూ ఆ చుక్కను చూసే, తిరిగి రావాల్సిన బోట్ల జాబితాలోంచి దాన్ని తీసేశారట. మళ్ళీ చేర్పించి పొడవు, రంగు, ఫొటో అన్నీ పంపాం.

ఇక ఆవిడకు చెప్పాలి. యాదగిరి, "జర ఆగు, దొరికినంక చెప్పొచ్చు" అన్నాడు. ఆగలేకపోయాను.

"ఆంటీ, నేను తప్పు చెప్పాను. అది మీ తమ్ముడున్న బోటు కాదు. ఎక్కడున్నాడో తెలీదు, వెతుకుతున్నారు."

ఆవిడ టక్కున ఫోను పెట్టేసింది.

సాయంత్రానికి దొరికారు. ఇంజను ఆగిపోయి కొట్టుకుపోతున్నారట. బోటులో ఉన్న ఆరుగురూ క్షేమం.

మర్నాడు ఆవిడకు ముఖం చూపించలేక తప్పించుకు తిరుగుతుంటే తనే వచ్చి చెయ్యి పట్టుకుంది. "నిన్న మీ మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేనండి. కానీ తప్పని ఒప్పుకోబట్టే కదా మావాణ్ణి వెతికారు!"

ఇప్పుడు ఎవరడిగినా తొందరపడను. "పెట్టె ఇక్కడుంది, మనుషుల సంగతి కనుక్కుని చెబుతాను" అంటాను.