అలారం నోరు నొక్కిన రోజు

మా ఆఫీసులో అతన్ని అందరం అలారం అనేవాళ్ళం. భాషల మీద పరిశోధన చేసే మా సంస్థలో రికార్డింగులన్నీ దాచే స్టోరేజీ యంత్రం అతని చేతిలో ఉండేది. నేలమాళిగలో తాళం వేసిన గదిలో ఉండే ఆ యంత్రం, తనకు ఏ నలత చేసినా అతని ఫోనుకు మెయిల్ పంపేది. ఫ్యాను కాస్త మందగించినా కబురే, గది వేడెక్కినా కబురే. పళ్ళ డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చుని కూడా ఫోను చూశాడని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

ఆ యంత్రంలో ఎక్కువ చోటు మా సంస్థలోనే పనిచేసే అతని అక్కదే. లిపి లేని ఒక భాషను మాట్లాడే ముసలివాళ్ళ గొంతుల్ని ఆవిడ పదకొండేళ్ళు తిరిగి రికార్డు చేసింది. టేపులు బూజు పడుతుంటే అన్నీ యంత్రంలోకి ఎక్కించి, వాటిని పారేశారు. రెండో ప్రతి దాచడానికి ఇంకో యంత్రం అదిగో ఇదిగో అంటూ పైవాళ్ళు ఏడాదిగా నాన్చుతున్నారు.

ఒక వేసవిలో ఫ్యాను కబుర్లు గంటకు నలభై చొప్పున వచ్చాయి. పక్క సీటు నాది. ఆ ఫోను మోతకు నా తల వాచిపోయింది.

"బాబూ, దాని నోరు నొక్కుతావా, నన్ను పిచ్చాసుపత్రికి పంపుతావా?" అన్నాను.

అతను నవ్వి, కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచాడు. ఏ కబురు పంపాలో, ఏది ఆపాలో చెప్పే నియమాలు అందులో వరసగా ఉంటాయి. యంత్రం పైనుంచి చదువుతూ, మొదట కుదిరిన నియమం దగ్గరే ఆగిపోతుంది. ఫ్యాను పేరు కొట్టి చివర నక్షత్రం గుర్తు పెడితే ఫ్యాను కబుర్లే ఆగేవి. నా గోల వింటూ పేరు మరిచి, గుర్తు ఒక్కటే కొట్టాడు. ఉత్త గుర్తుకు అర్థం అన్ని కబుర్లూ అని. పైగా ఆ నియమాన్ని వరసలో మొదట పెట్టాడు.

ఏ మార్పు చేసినా ఉత్తుత్తి కబురొకటి పంపి, అది ఫోనుకు చేరిందో లేదో చూసుకోవడం అతని అలవాటు.

"ఉండరా, ఒక్క పరీక్ష చేసి వస్తా" అన్నాడు.

"వచ్చాక చేసుకుందువుగానీ, పద" అంటూ క్యాంటీనుకు లాక్కుపోయింది నేనే. వచ్చాక ఇద్దరికీ గుర్తు లేదు.

యాభై రోజులు ఫోను మోగలేదు. "మావాడు మనిషిలా భోంచేస్తున్నాడు, అంతా నీ పుణ్యమే" అని అక్క నాతో అంది. నేను మురిసిపోయాను కూడా. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకరోజు పొద్దున అక్క తన ఫైళ్ళు తెరుచుకోవడం లేదని ఫోను చేసింది. జరిగినవన్నీ యంత్రం రాసుకునే చిట్టాను అతను తెర మీదికి తెచ్చాడు. మొదటి డిస్కు పోయి నలభై రోజులైంది. రెండోది పోయి పద్దెనిమిది రోజులు. రెండు పోయినా ఆ యంత్రం తట్టుకుంటుంది. మూడోది ఆ తెల్లవారుజామున పోయింది. ప్రతిసారీ అది చెబుతూనే ఉంది, మాకు వినపడకుండా చేసుకున్నది మేమే. డిస్కులు బాగుచేసేవాళ్ళు వారం రోజులు తంటాలు పడి చేతులెత్తేశారు.

అక్కతో నేను చెబుతానన్నాను. వద్దని అతనే వెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఒక్కటి కూడా రాదా?" అని అడిగింది అక్క.

"రాదక్కా. మళ్ళీ వెళ్ళి రికార్డు చేద్దాం. నేనూ వస్తా" అన్నాడు ఏడుస్తూ.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఎవరి దగ్గరికి వెళ్దాంరా?" అంది. "ఆ భాష మాట్లాడే చివరి ముసలమ్మ పోయిన నెలే చనిపోయింది. మంచంలో ఉండి, నా గొంతు ఉంటుందా అని అడిగింది. ఉంటుందమ్మా, మా తమ్ముడి దగ్గర భద్రంగా ఉందని చెప్పాను."