ఎలపట పెట్టె, దాపట పెట్టె

తిరిగి కొలవకుండానే ఎస్తేరు కొలతను తప్పన్నారు. ఆమె పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంలోని నాలుగో అధ్యాయాన్ని "పరికరంలో లోపం" అన్న ఒక్క మాటతో కొట్టేశారు. ఆ పరికరాన్ని బిగించింది నేను. లోపం ఎక్కడుందో ఎవరూ వచ్చి చూడలేదు.

అప్పుడు నేను రాష్ట్రం బయట ఒక యాక్సిలరేటర్ కేంద్రంలో సీనియర్ టెక్నీషియన్‌ను. విరమణకు ఇంకా రెండేళ్లుంది. మాది జమ్మికుంట. చదివింది ఐటీఐ ఫిట్టరు. భౌతికశాస్త్రం కేంద్రం లైబ్రరీలో కూర్చుని సొంతంగా నేర్చుకున్నది. ఎస్తేరుది కాగజ్‌నగర్. మా విభాగాధిపతిని పెద్దసారు అనేవాళ్లం. ఆయన కోస్తా రైతుల ఇంటి మనిషి.

పని ఇది. వేగంగా వచ్చిన ప్రోటాన్ కేంద్రకాన్ని తాకి తన విద్యుదావేశాన్ని అక్కడ వదిలేస్తే, ఆవేశం లేని న్యూట్రాన్ బయటికొస్తుంది. దీన్ని ఆవేశ వినిమయ చర్య అంటారు. ఆ న్యూట్రాన్ల స్పిన్‌లు, అంటే బొంగరం తిరుగుడు లాంటి వాటి గుణం, ఎక్కువగా ఒకే దిక్కుకు ఉంటే పోలరైజేషన్ ఉన్నట్టు. దాన్ని నేరుగా చూడలేం. న్యూట్రాన్లను ద్రవ హీలియం మీదికి పంపి, ఎడమకు ఎన్ని చెదిరాయో, కుడికి ఎన్ని చెదిరాయో సీసపు పెట్టెల్లో పెట్టిన రెండు డిటెక్టర్లతో లెక్కిస్తాం. ఆ తేడాయే స్పిన్ సంగతి చెబుతుంది.

మాకు ఎడమవైపు ఎక్కువ వచ్చాయి. కుడి డిటెక్టర్ బలహీనమై ఉంటుందని పెద్దసారు అనుమానం. అనుమానించడం తప్పు కాదు. దాన్ని తేల్చే పద్ధతి పుస్తకాల్లోనే ఉంది: డిటెక్టర్లను ఇటుది అటు మార్చి మళ్లీ కొలవాలి. ఎక్కువ రావడమనేది డిటెక్టర్‌తో పాటు పక్క మారితే లోపం దానిది. ఎడమనే నిలిస్తే ఆ తేడా న్యూట్రాన్లదే. మేం మార్చబోయేలోగా యంత్రం ఆగింది, మా వంతు అయిపోయింది. మళ్లీ బీమ్, అంటే ప్రోటాన్ల ధార, అడిగితే పెద్దసారు ఇవ్వలేదు, అధ్యాయం కొట్టేశారు.

ఎస్తేరు ఇల్లు చేరింది. నేనూ సెలవు పెట్టి కాగజ్‌నగర్ రైలెక్కాను.

"ఇడిసిపెట్టు కాకా. బడిల టీచర్ కొలువు దొరికింది, చేరుత," అన్నది.

కాగితం మిల్లులో పనిచేసిన వాళ్ల బాపు దానియేలు పక్కనే కూర్చున్నాడు. "అసలు లొల్లి దేనికే అన్నా?" అని అడిగాడు.

ఎడ్లను పోలికగా పెట్టి చెప్పాను. కుడిపక్క కట్టడానికి అలవాటైనది మా వైపు మాటలో ఎలపట ఎద్దు, ఎడమపక్కకు అలవాటైనది దాపట ఎద్దు. "నాగలి దాపటకే గుంజుతాంది. తప్పు ఎద్దుదా, నేలదా? ఎడ్లను మార్చి కట్టి చూడాలె. గదే చూడనిస్తలేరు."

"గీ ముచ్చటకు నా బిడ్డ గిన్నేండ్లు సదివిందా?"

"మా ఎడ్లు సీసం తొడుక్కున్నయి బాపూ, మార్చుడంటే నడుములు పోతయి," అన్నది ఎస్తేరు. నా వైపు తిరిగింది. "ఒక్కసారి అడుగుదాం కాకా. ఇయ్యకుంటే మల్ల నా ఎంట పడొద్దు."

ఎస్తేరుతో తిరిగొచ్చి ప్రతి పొద్దున పెద్దసారు గది ముందు నిలబడ్డాను. లోపం చూపించండి, లేదా మమ్మల్ని చూడనివ్వండి అన్నాను. చివరికి మరో బృందం వదులుకున్న షిఫ్టు మాకిచ్చారు.

మార్చాక 'ఎడమ డిటెక్టర్' కుడిపక్కన ఉంటుంది, మాటల్లో తికమక. ఎద్దును ఏ పక్క కట్టినా మనం పిలిచే పేరు మారదు కదా అని ఎస్తేరు ఆ పెట్టెల మీద ఎలపట, దాపట అని రంగుతో రాసింది. అధ్యాయంలోని పటంలోనూ అవే పేర్లు పెట్టింది.

పెట్టెలు మార్చాక తేడా కొంత తగ్గింది. ఎలపట నిజంగానే బలహీనం. పెద్దసారు అనుమానం అంతవరకు సరైనదే. ఆ వాటా తీసేశాక మిగిలిన తేడా మాత్రం ఎడమనే నిలిచింది.

పరికరాన్ని అనుమానించడం మా పనిలో భాగం. పరీక్షించని అనుమానాన్ని తీర్పుగా రాయడం అన్యాయం. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

అధ్యాయం మళ్లీ పంపాం. పెద్దసారు జవాబు వచ్చింది:

"నాలుగో అధ్యాయం ఉంచండి. పటంలోని ఎడ్ల పేర్లు తీసేయండి. అన్నట్టు, అది ఎలపట కాదు, వలపట."