బల్బులాయన చెవి

మా వీధిలో మా మరిదిని బల్బులాయన అంటారు. అతను బల్బులు అమ్మడు, బిగించడు, మాడిపోతే మార్చడు. అయినా కొత్తగా అద్దెకి దిగినవాళ్లెవరో ఒకరు మాడిన బల్బు పట్టుకుని మా గుమ్మం ఎక్కుతూనే ఉంటారు. "బల్బులాయన ఇల్లు ఇదేనాండీ?" అంటారు. "ఇల్లు ఇదే, మనిషీ అతనే, బల్బులే వేరు" అని తిప్పి పంపుతాను.

అతను చేసేది గిటారు వాయించేవాళ్లకి ఆంప్లిఫయర్లు. మా ఇంట్లో వాటిని పెట్టెలనే అంటాం. తీగ మీటితే పుట్టే సన్నటి చప్పుడు వైరు పట్టుకుని పెట్టెలోకి వెళ్లి, పెద్ద గొంతుతో బయటికి వస్తుంది. ఇప్పుడు బజార్లో దొరికే పెట్టెల్లో గోరంత చిప్పులుంటాయి. మా మరిది పెట్టెల్లో పాతకాలపు రేడియోల్లో ఉండే గాజు ట్యూబులుంటాయి. స్విచ్చి వేయగానే అవి పలకవు. మెల్లగా ఎర్రబడి, ఒళ్లు వెచ్చబడ్డాక అప్పుడు నోరు విప్పుతాయి. కిటికీలోంచి ఆ వెలుగు చూసిన వీధివాళ్లు అతనికి ఆ పేరు పెట్టారు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి అతనింకా నిక్కర్లు తొడుక్కునే వయసు. మా అత్తగారు మంచాన పడితే అతనికి తల దువ్వి బడికి పంపింది నేనే. బడికి చేరేవాడా అంటే అది వేరే సంగతి. మా ఆయనకి ముందుగదిలో ఫ్యాన్లూ రేడియోలూ బాగుచేసే షాపు ఉండేది. చేతిలో పట్టేంత ట్రాన్సిస్టర్లు వచ్చాక జనం ట్యూబు రేడియోలని పారేయడం మొదలుపెట్టారు. మరిది వాటి వెంటపడి తిరిగి, ట్యూబులు ఊడబెరికి, నా పాత చీరముక్కల్లో చుట్టి, నా వంటింటి డబ్బాల్లో దాచేవాడు. పంచదార కోసం మూత తీస్తే లోపల గాజు గొట్టాలు.

"ఇవి ఉడకబెట్టి పెట్టనా?" అనేదాన్ని.

"జాగ్రత్త వదినా, ఇలాంటివి మళ్లీ దొరకవు."

"నీలాంటివాడూ దొరకడులే, అదొక్కటే మా అదృష్టం."

పెళ్లి చేద్దామని ఒకసారి పిల్లని చూడటానికి తీసుకెళ్లాం. వాళ్ల హాల్లో మూగబోయిన పాత రేడియో ఒకటి కనబడింది. ఇంకేముంది! పిల్ల టీ తెచ్చేసరికి మావాడు దాని వెనక అట్ట ఊడదీసి లోపల తల దూర్చి ఉన్నాడు. రేడియో పలికింది. పిల్ల పలకలేదు. ఆ తర్వాత పెళ్లి మాటెత్తితే పెడచెవిన పెట్టేవాడు.

మా ఆయన పోయాక షాపు మరిది చేతికొచ్చింది. ఫ్యాన్లు మెల్లగా మూలకి జరిగి పెట్టెలు నడుమకొచ్చాయి. ఎక్కడెక్కడివాళ్లో రావడం మొదలైంది. పాతది ఇచ్చి కొత్తది కట్టించుకునేవాళ్లు కొందరు, కొత్తది ఇచ్చేసి పాతదాని కోసం బతిమాలేవాళ్లు కొందరు. ఎవరొచ్చినా మరిది ముందు చేసే పని ఒకటే. దర్జీ ఒంటి కొలత తీసుకున్నట్టు అతను చేతి కొలత తీసుకుంటాడు. స్టూలు మీద కూర్చోబెట్టి, గిటారుకి వైరు తగిలించకుండా ఉత్తినే వాయించమంటాడు. కళ్లు మూసుకుని వింటాడు. "నీది బరువు చెయ్యి బాబూ, తొణకని పెట్టె కావాలి" అంటాడు ఒకరితో. "నీది మొహమాటం చెయ్యి. పెట్టెకే కాస్త చొరవ ఉండాలి" అంటాడు ఇంకొకరితో. అలా ఎవరి పెట్టె వాళ్లకే కడతాడు. అవంటే వాయించేవాళ్లు చెవి కోసుకుంటారు.

అతనికి ఇంకో అలవాటుంది. కరెంటు పారుతున్న పెట్టెలో కుడిచెయ్యి పెట్టాడంటే ఎడమచెయ్యి జేబులోకి పోతుంది. రెండు చేతులూ పెడితే కరెంటు ఒక చేతిలో ఎక్కి గుండె మీదుగా రెండో చేతిలో దిగుతుందట. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, పెళ్లిళ్లలోనూ చావుల్లోనూ కూడా జేబులో చెయ్యి పెట్టుకునే నిలబడతాడు. చుట్టాలు పొగరంటారు. "పొగరు కాదమ్మా, ప్రాణభయం" అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

అలాంటి మనిషి పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది.

మొదట ఒక కుర్రాడు తెచ్చి ఇచ్చేశాడు. తర్వాత గిటారు మాస్టారు వచ్చాడు. ఆయన మరిదికి అందరికంటే పాత బేరం. ఆయన పెట్టె మోసుకుని వచ్చేసరికి మరిది చెక్క కొనడానికి బయటికి వెళ్లి ఉన్నాడు. మాస్టారు ముందుగదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఇల్లు మారుతున్నామమ్మా. కొత్తింట్లో చోటు చాలదు. ఇది తీసుకుని, ఆ మూలనున్న పాతది ఇస్తారేమోనని..."

"ఆ పాతది దీనికంటే జానెడు పొడుగు. చోటు చాలనివాళ్లు పెద్దది పట్టుకెళ్తారా మాస్టారూ?"

ఆయన తల గోక్కున్నాడు.

"మొన్న మీ శిష్యుడూ ఇలాగే వచ్చాడు. వాళ్లావిడకి చప్పుడు పడటం లేదన్నాడు. అతనికింకా పెళ్లే కాలేదు. గురువూ శిష్యుడూ కలిసి అబద్ధాలన్నా సరిగ్గా నేర్చుకోండి" అన్నాను.

మాస్టారు ఒక నవ్వు నవ్వి, వెంటనే మొహం దించుకున్నాడు. "గుచ్చుతోందమ్మా. పైస్వరాలు వాయిస్తే చెవిలో సూది దించినట్టుంది. ఈ మధ్య ఆయన కట్టినవన్నీ అంతే. పాతవి తేనె. ఆయన మొహం చూసి ఈ మాట ఎలా అనను?"

"మీరనక్కర్లేదు. ఇంట్లో నేనెందుకున్నాను?" అన్నాను.

అన్నానేగానీ, సంగతి అంతు తెలియకుండా నోరు పారేసుకోవడం నాకిష్టం లేదు. మర్నాడు పొద్దున మరిది ట్యూబులు చూసుకుంటున్నాడు. ఒక్కో ట్యూబునీ పెట్టెలో బిగించి, వెలిగించి, చెక్కపుల్లతో నెమ్మదిగా కొడతాడు. మంచి ట్యూబైతే స్పీకర్లోంచి 'టప్' మని మొద్దుగా వినబడుతుంది. చెడ్డదైతే గంటలా మోగుతుంది. నేను వంటింట్లో పాలు కాస్తున్నాను. 'టింగ్' మంది, గాజుగ్లాసుకి చెంచా తగిలినట్టు.

"ఇది మంచిది" అని మరిది తనలో తను అనుకోవడం వినబడింది.

పొయ్యి ఆపి, తడిచేతులతోనే వెళ్లాను. "ఏవయ్యా, అది మోగుతోంది."

"ఏది?"

"ఇప్పుడు నువ్వు మంచిదన్నది."

మళ్లీ కొట్టాడు. ఆ మోత గదంతా సాగింది. అతను స్పీకరు వంక చూడలేదు, నా వంక చూశాడు. "మోగిందా?"

"మోగింది."

ఇంకా మెల్లగా కొట్టాడు. "ఇప్పుడు?"

"మోగుతూనే ఉంది నాయనా."

చెక్కపుల్ల బల్ల మీద పెట్టేశాడు. మరిదిని అంతటితో వదిలేయచ్చు. కానీ సగం చెప్పి ఊరుకుంటే మనిషి మిగతా సగం ఊహించుకుని చస్తాడు. అందుకే మాస్టారు మాటా, కుర్రాడి మాటా అన్నీ చెప్పేశాను. "పైస్వరాలు నీకు ఆనడం లేదు. ఆనేదాకా పెంచుకుంటూ పోతున్నావు. నీ చెవికి చాలేసరికి అవతలివాళ్లకి సూదవుతోంది."

"మీటరు పెట్టి చూశాను వదినా. అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"మీటరుకి తీపి తెలీదని చెప్పింది నువ్వే."

అతను స్విచ్చి కట్టేశాడు. ట్యూబులు మెల్లగా నల్లబడ్డాయి.

చెవి డాక్టరమ్మ దగ్గరికి నేనే లాక్కెళ్లాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి ఏవేవో వినిపించి, సన్నటి చప్పుళ్లు వినే శక్తి పోయిందనీ, అది తిరిగి రాదనీ చెప్పింది. మాటలు తెలియడానికి చెవిలో చిన్న మిషను పెట్టుకోమంది.

"ఇందులో ఏముంటుందమ్మా?" అని అడిగాడు మరిది, అంత బాధలోనూ.

"చిన్న చిప్ ఉంటుందండీ."

మరిది నావైపు తిరిగి, "చూశావా వదినా, పెట్టెలోకి రానివ్వనిది చివరికి నా చెవిలోకే వచ్చింది" అన్నాడు. డాక్టరమ్మకి అర్థం కాలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంటికొచ్చి మిషను పెట్టుకున్నాడు. "ఎలా ఉంది?" అన్నాను.

"నీ గొంతు రేకుడబ్బాలోంచి వస్తోంది."

"నా గొంతెప్పుడూ అంతే. పెట్టె సంగతి చూడు."

పెట్టె వెలిగించి, గిటారు తీసి ఒక తీగ మీటాడు. మొహం చిన్నబోయింది. మిషను తీసి గూట్లో పెట్టాడు. "మాటలకి పనికొస్తుంది. పెట్టె కూడా రేకులాగే వినబడుతోంది. ఇక అయిపోయింది వదినా." నేను వద్దంటున్నా పనిబల్ల మీద దుప్పటి కప్పేశాడు.

అడిగినవాళ్లకి కొత్తవి కట్టనని చెప్పేశాడు. డబ్బాల్లో ట్యూబులు పొరుగూళ్లో ఇలాంటి పనే చేసే మనిషికి ఇచ్చేస్తానన్నాడు. తిన్నాడంటే తిన్నాడు, పడుకున్నాడంటే పడుకున్నాడు. నేను ఎన్నన్నా తిరిగి ఒక్క మాట అనేవాడు కాదు. నా నోటికి ఎదురులేకపోతే నాకేం బాగుంటుంది?

ఒకరోజు పక్కసందులోకి కొత్తగా వచ్చినావిడ మాడిన బల్బుతో గుమ్మం ఎక్కింది. నేను తిప్పి పంపేలోపే మరిది లేచాడు. "రండమ్మా, చూస్తాను" అని ఆవిడ వెంట వెళ్లి, బల్బు మార్చి వచ్చాడు. వచ్చి చేతులు కడుక్కుని, ఏమీ జరగనట్టు కూర్చున్నాడు.

అది మాత్రం నేను భరించలేకపోయాను. వెళ్లి పనిబల్ల మీద దుప్పటి లాగి అవతల పారేశాను. మాస్టారికి ఫోను చేయించి, గిటారుతో రమ్మన్నాను. ఆయన తిరిగిచ్చిన పెట్టె ఇంకా మా దగ్గరే ఉంది.

"ఏంటి వదినా ఇది?"

"పని. లేచి రా. నీకు చేతులున్నాయి. నాకు చెవులున్నాయి, నోరుంది. ఇద్దరికీ కలిపి ఒక మనిషికి సరిపడా సామాను ఉంది."

"నీకేం తెలుసని చెబుతావు?"

"పెట్టె గురించి ఏమీ తెలీదు. గుచ్చితే గుచ్చిందని తెలుస్తుంది."

"నువ్వు నన్నెప్పుడైనా ఒక్కసారైనా మెచ్చుకున్నావా?" అన్నాడు.

"మెచ్చుకోవడానికి ఏం చేశావని?"

"అదే. నీ నోట మంచిమాట ఊరికే రాదు. నిన్నైతే నమ్మొచ్చు" అని లేచాడు.

మాస్టారు స్టూలు మీద కూర్చుని పైతీగలు వాయించాడు. మరిది పెట్టె ఎదుట కూర్చోకుండా నాకు ఎదురుగా కూర్చున్నాడు.

"మాడిన గిన్నె అడుగు గీకినట్టుంది" అన్నాను.

అతను పెట్టె ఆపి, లోపల ఒక చిన్న కెపాసిటర్ తీసేశాడు. పైస్వరాలని దాటించేది అదేనట. మాస్టారు మళ్లీ వాయించాడు.

"ఇప్పుడు తడిదుప్పటి కప్పినట్టుంది. స్వరం దాని కిందెక్కడో ఉండి పిలుస్తోంది."

"దుప్పటి సగం తీయాలంటావు."

"నేనేమీ అనను. నాకు వినబడేది చెప్పాను. తీసేది నువ్వు."

ఇంకా చిన్నది వెతికి అతికించాడు. సీసం కరిగిన పొగ లేచింది. మళ్లీ గీకిందన్నాను, మళ్లీ మార్చాడు. టీ చల్లారిపోయింది, మళ్లీ కాచాను, అదీ చల్లారింది. మధ్యలో నన్ను కసిరాడు కూడా, "గీకిందా, గుచ్చిందా? సరిగ్గా చెప్పు!" అని. అతను కసిరితే నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఆఖరికి ఒకటి అతికించి చెయ్యి ఊపాడు. మాస్టారు ఏదో నిదానంగా ఎత్తుకున్నాడు. స్వరం పైకి వెళ్లింది, నేను సూది కోసం కాచుకుని ఉన్నాను, రాలేదు. అక్కడే కాసేపు నిలబడి, వెచ్చగా కిందికి దిగింది. మాస్టారు కళ్లు మూసుకున్నాడు.

"బాగుంది" అన్నాను.

మరిది గబుక్కున లేచాడు. "మాస్టారూ, ఆపండి! ఏదో తేడా ఉంది. వదిన నోట ఆ మాట రాకూడదు." నా దగ్గరికొచ్చి మొహంలోకి చూశాడు. "జాలిపడుతున్నావా? జాలిపడి చెప్పేటట్టయితే ఇక్కడితో ఆపేద్దాం వదినా. నిజం చెప్పు."

నేను ఏమంటే అతను రేపు మళ్లీ ఈ బల్ల ముందు కూర్చుంటాడో నాకు తెలుసు. మాస్టారుని ఇంకోసారి వాయించమన్నాను. కళ్లు తుడుచుకుని, ఈసారి తప్పు వెతుకుతూ విన్నాను.

"పర్లేదు" అన్నాను.

"పర్లేదా?"

"పర్లేదు."

"గట్టిగా పర్లేదేనా?"

"పర్లేదన్నానుగా! ఎన్నిసార్లు చెప్పించుకుంటావు, నీకేమైనా చెవుడా?"

అనేశాక నాలిక కరుచుకున్నాను. మాస్టారి చెయ్యి తీగల మీదే ఆగిపోయింది. మరిది ఒక్క క్షణం నన్ను చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. దుప్పటి కప్పిన తర్వాత అతను నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే పెట్టె వెనక పలక తెచ్చి, స్క్రూలు బిగించడం మొదలుపెట్టాడు.