ఊడలు దిగేలోపు

నాన్న పోయిన నాలుగో రోజు పొద్దున మా మేనత్త నన్ను తలస్నానం చెయ్యమంది. చేసి వచ్చాక, "ఇక నీకు అయిపోయిందే అమ్మీ. పెళ్ళైన ఆడపిల్లకి మూడు రోజులే మైల. ఎక్కడికైనా ఎల్లొచ్చు, ఏటైనా ముట్టుకోవచ్చు" అని చెప్పింది. ఆవిడ నాన్నకి అక్క. విజయనగరం నుంచి వచ్చి, రైలు దిగిన దగ్గర్నుంచీ ఈ హిందీ ఊళ్ళో, వైశాలి నగర్‌లోని మా ఇంటి పెత్తనమంతా చేతిలోకి తీసుకుంది. చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి. ఏ రోజు ఏం చెయ్యాలో ఎవరినీ అడగాల్సిన అవసరం ఆవిడకి లేదు.

నాకు ఒళ్ళు మండింది. నాకు సైకిలు నేర్పినవాడు, పెళ్ళయ్యాక కూడా ప్రతి ఆదివారం కూరగాయల సంచీతో పక్క ఊరు కుమ్హారిలో మా ఇంటికి వచ్చినవాడు పోతే నాకు మూడు రోజులు చాలని ఎవరు తేల్చారో తెలీదు. కర్మ చేసే తమ్ముడికి పన్నెండు రోజులు. అమ్మ సంగతి చెప్పక్కర్లేదు. వెనక గదిలో ఒక మూల చాప వేసి కూర్చోబెట్టారు. ఆ చాప దాటకూడదు. నేను మాత్రం పరాయి ఇంటిదాన్నట, స్వేచ్ఛగా తిరగొచ్చట. ఆ స్వేచ్ఛని ఏం చేసుకోవాలో తెలియక వంటింటి గుమ్మంలో తడిజుట్టుతో నిలబడిపోయాను.

అప్పుడు మూలనుంచి అమ్మ గొంతు వినబడింది. మూడు రోజుల్లో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే.

"అయితే దీన్ని పొలానికి పంపు వదినా. సెనక్కాయకి కలుపు తియ్యాల."

పొలమంటే ఎక్కువేం కాదు. ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లు నుంచి రిటైరయ్యాక నాన్న జాముల్ దాటాక ఇరవై డిసిమిళ్ళ, అంటే ఇరవై సెంట్ల ఎర్రనేల కొన్నాడు. చుట్టూ అందరూ వరి వేస్తే ఈయన వేరుశనగ వేసేవాడు. జీవితమంతా ఇనుము చూసిన కళ్ళకి పచ్చటి వరుసలు కావాలనేవాడు. పక్క రైతులు మొదట నవ్వారు, తర్వాత కాయలడిగి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. అమ్మా ఆయనా ఇద్దరే విత్తి, ఇద్దరే కలుపు తీసేవారు. ఈ ఏడు మొదటి కలుపు ఇద్దరూ తీశారు. రెండోది సగం తీసి, "మిగతాది రేపు" అని ఇంటికొచ్చాడట నాన్న. తెల్లారి ఛాతీలో నొప్పి అన్నాడు. హాస్పిటల్‌కి చేరేలోపే అయిపోయింది.

వేరుశనగతో చిక్కేమిటంటే, పూత పూశాక ఆ పువ్వుల నుంచి ఊడలు భూమిలోకి దిగుతాయి. ఆ ఊడల చివరే కాయ కడుతుంది. దిగాక నేల కదపకూడదు. కదిపితే ఊడ తెగుతుంది, ఇక ఆ కాయ రాదు. కాబట్టి అవి దిగేలోపే కలుపు తీసెయ్యాలి. మా ఇంట్లో మైల పన్నెండు రోజులూ సరిగ్గా ఆ రోజుల్లోకే వచ్చిపడ్డాయి. కూలికి ఎవరైనా దొరుకుతారా అంటే, అవి వరి కలుపు రోజులు, ఆడవాళ్ళంతా మోకాళ్ళలోతు బురదలో ఉన్నారు.

"దవాయి కొట్టించేద్దాం కదా దీదీ" అన్నాడు తమ్ముడు, తడిపంచెతో కూర్చునే.

"ఆ మందు కొట్టే రోజులు ఎప్పుడో దాటిపోయాయి" అంది అమ్మ. "పూత మీదున్న చేనుకి ఇప్పుడు ఏది పడితే అది కొడితే గడ్డితోపాటు మొక్కా పోద్ది. చేత్తోనే తియ్యాల."

అత్తకి ఇదంతా నచ్చలేదు. మనిషి పోయిన ఇంట్లో కలుపు మాటలేమిటంది. అమ్మ, "ఆయన ఏసిన పంట గడ్డిపాలైపోతే, ఆ పక్కనోళ్ళు ఏటనుకుంటారు వదినా? ఆ మడిసి అలాగ పోయాడు, ఇది ఇలాగ పోయిందనుకోరూ?" అంది. ఆ మాటతో అత్త వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు కలుపు తీయడం రాదు. స్కూల్లో హిందీ చెప్పుకునేదాన్ని. నాన్న పొలానికి వెళ్ళినప్పుడల్లా గట్టు మీద కూర్చుని ఉడకబెట్టిన కాయలు తినొచ్చిన రకం. స్కూటీ మీద వెళ్ళి కంచె తలుపు తీస్తే, తలుపు దగ్గర మొక్కలెక్కడున్నాయో తెలియలేదు. గరిక, తుంగ, ఇక్కడివాళ్ళు గాజర్ ఘాస్ అనే వయ్యారిభామ ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరిగాయి. దూరంగా ఆ చివర మాత్రం వరుసలు గీసినట్టున్నాయి. అది నాన్న తీసిన సగం. అటువైపు చూడబుద్ధి కాక, తలుపు వైపు నుంచే మొదలుపెట్టాను. కంచెకి నాన్న తువ్వాలులో చుట్టిపెట్టిన కలుపు బొరిగె, కొడవలి ఉన్నాయి. బొరిగె తీసి రెండు దెబ్బలు వేశానో లేదో ఫోను మోగింది. వీడియో కాల్, అమ్మ నుంచి.

"మైలలో ఫోనేటే" అని వెనక నుంచి అత్త గొంతు.

"ఫోనుకి మైలేటి వదినా" అంది అమ్మ. తర్వాత నాతో, "మొక్క దగ్గరగా సూపించు. ఆకులెత్తు. కిందకి దించు ఫోను" అంది.

ఆకులెత్తి చూపించాను. కొమ్మల నుంచి సన్నటి ఊదారంగు పుల్లలు వేలాడుతున్నాయి. కొన్ని నేలని తాకాయి, ఒకటో రెండో లోపలికి పోయాయి.

"దిగిపోతన్నాయి" అంది అమ్మ. ఆవిడ ముఖం అప్పుడు చూశాను, తెర మీద. దువ్వని జుట్టు, నుదుట పెద్ద బొట్టు. పదో రోజున అన్నీ తీసేసే దాకా అత్త పొద్దునే వచ్చి బొట్టు పెట్టి, తలలో పువ్వు పెట్టి వెళ్ళేది. నాన్న ఉండగా అమ్మ ఎన్నడూ అంత బొట్టు పెట్టుకోలేదు. "బొరిగె పక్కన పెట్టీ. ఇంక చేత్తోనే. మొక్క మొదట్లో ఉన్నదాన్ని పీకొద్దు, నేల లేచిపోద్ది. కొడవలితో భూమికి ఆనించి కోసీ."

అలా మొదలైంది. రోజూ పొద్దున కుమ్హారి నుంచి బయల్దేరి, మధ్యాహ్నం దాకా వంగుని కోసేదాన్ని. సాయంత్రం అమ్మని చూడ్డానికి వెళ్తే గుమ్మం అవతలే నిలబడాలి. ఫోన్లోనే ఎక్కువ మాట్లాడుకున్నాం. ఫోను గట్టు మీద ఆనించి పెడితే, అమ్మ మూలన కూర్చుని చెప్పేది. "అదిగో ఎడం పక్క. అది కాదే, అది మొక్క! సూసుకోవా?" చెయ్యి ఊపినప్పుడల్లా గాజులు గలగలమనేవి. ఆ గలగలకి తలెత్తి ఎటు చూపిస్తోందో చూసేదాన్ని. నాన్న గురించి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తుంగని మాత్రం ఇద్దరం నోరారా తిట్టుకున్నాం. దాన్ని కోసినచోట రెండో రోజుకే మళ్ళీ పిలక లేచేది. మధ్యలో ఒక రోజంతా వాన. స్కూటీ బురదలో ఇరుక్కుపోయింది. నడుం విరిగిపోయింది, అరచేతులు పచ్చగా మారాయి. ఎంత కోసినా అవతలి చివర అలాగే దూరంగా కనిపించేది. ఎన్నోసార్లు వదిలేద్దామనిపించింది. ఊడల మీద కోపం వచ్చింది. ఎవరి కోసం ఆగుతాయవి? ఆయన కోసం ఆగాయా?

తొమ్మిదో రోజు సాయంత్రం అత్త నన్ను వాకిట్లోకి పిలిచింది.

"రేపు నువ్వు రాకు. పదో రోజు కదా. అన్నీ తీసేస్తాం. ముత్తైదువవి, ఆ తర్వాత మీ అమ్మ మొకం నువ్వు సూడకూడదు. కొన్నాళ్ళు పోయాక, మంచిరోజు చెప్తాను."

"నా తల్లి ముఖం నేను చూడకూడదా?"

"నీ మొగుడి కోసమే."

మా ఆయనకి బీపీ ఉంది, షుగరుంది. రైల్వేలో రాత్రి డ్యూటీలు, దారిలో సమోసాలు. వాటిలో దేనికీ మా అమ్మ ముఖం కారణం కాదు. అదే చెప్పాను, గట్టిగానే. నేను మాట్లాడుతుండగానే లోపలి గదిలోంచి అమ్మ గొంతు వచ్చింది.

"అత్త సెప్పినట్టు ఇను. రేపు పొలానికి ఎల్లు."

అత్త ఎన్ని అన్నా నాకంత నొప్పి అనిపించలేదు. అమ్మ అన్న ఆ మాటే తగిలింది. స్కూటీ ఎక్కి వచ్చేశాను. ఆ రోజు గుమ్మం దాకా వెళ్ళి ఆవిడ ముఖం ఒకసారి చూసుకుని రావాలన్న ఆలోచన కూడా రాలేదు.

పదో రోజు పొద్దుట్నుంచీ పొలంలో ఫోను మోగలేదు. నేను పని చేశాను. ఇప్పుడు చుట్టాలు తెచ్చిన చీరెలన్నీ చుట్టూ చేరి ఉంటాయి, ఇప్పుడు చెరువుకి తీసుకెళ్ళి ఉంటారు, ఇప్పుడు పువ్వులు పెట్టి ఉంటారు, తీసి ఉంటారు అని ఒక్కోటి అనుకుంటూ కోశాను. చీరె, పువ్వు లాంటి మంచి మాటలన్నీ తిట్లలాగే వినిపించాయి నాకు. మధ్యాహ్నానికి ఆఖరి వరుసకి వచ్చాను. ఆ వరుస సగంలో గడ్డి అకస్మాత్తుగా ఆగిపోయింది. అవతల నున్నటి ఎర్రనేల, అందులో విడివిడిగా మొక్కలు. గట్టు మీద నాన్న పీకిన కలుపు కుప్పలు, వేళ్ళు ఎండకి పైకి తిప్పి పేర్చినవి, గోధుమరంగుకి ఎండిపోయి ఉన్నాయి. మళ్ళీ నాటుకోకుండా ఆయన ఎప్పుడూ అలాగే పెట్టేవాడు. నేను చేత్తో పీకినవి అలా పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. కూలబడి ఏడ్చాను.

అప్పుడు మోగింది ఫోను. వీడియో కాల్.

తెర మీద సీలింగు ఫ్యాను తిరుగుతోంది. పక్కన సున్నం ఊడిన మచ్చ. అంతే.

"అమ్మా, ఫోను తిప్పు."

"వొద్దమ్మా."

"నాకా పట్టింపుల్లేవు. తిప్పమ్మా, నిన్ను చూడాలి."

"నాకున్నాయి. నువ్వు బాగుండాల. నీకు ఇలాంటి రోజు రాకూడదు." గొంతు మామూలుగానే ఉంది, కొంచెం బొంగురు. "ఎంతవరకూ ఒచ్చింది? సూపించు."

నేను కెమెరా తిప్పి చేను చూపించాను. కోసిన వరుసలు, మిగిలిన నాలుగు మొక్కల మేర గడ్డి, ఆ వెనక ఆయన నేల.

"నాన్న ఆపిన చోటికి" అన్నాను.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఫోను ఒకసారి కదిలింది. అమ్మ చేతిలోకి తీసుకుని దగ్గరగా పెట్టుకున్నట్టుంది. ఆ మొక్క మొదట్లో తుంగ ఉంది, ఎడం పక్క అంది. ఎడమ వైపు చెయ్యి చూపించే ఉంటుంది, అలవాటు కొద్దీ. గాజుల చప్పుడు రాలేదు.

"తియ్యి మరి" అంది. "జాగర్త, ఊడ ఉంది."

ఫోను గట్టు మీద, నాన్న ఎండబెట్టిన గడ్డికి ఆనించి నిలబెట్టాను, ఆవిడకి చేను కనబడేలా. తెర నా వైపు రాకుండా తిప్పాను. వంగి, కొడవలి భూమికి ఆనించి తుంగ కోశాను. వేళ్ళున్న వాటిని వేళ్ళు పైకి పెట్టాను. అమ్మ ఫోను పెట్టెయ్యలేదు. నేను ఆఖరి మొక్క దాకా వెళ్ళేవరకూ అక్కడే ఉంది.