ఏకాండి కారు

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే తొమ్మిదేళ్లు నిండిన నాలుగో నెలలో, ఒక కారు మాట్లాడగా విన్నాను. ఈ మాట అన్నప్పుడల్లా మా మనవరాలు నవ్వుతుంది. నేను ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. లేనిదాన్ని ఉందనే అలవాటు నాకు లేదు.

మాది బొబ్బిలి. మా నాన్న ఒక బియ్యం మిల్లు యజమానికి కారు నడిపేవాడు. ఆ ఏడు దసరా వెళ్లాక మిల్లు మూసేస్తామని చెప్పేశారు. సొంతంగా ఒక కారు కొని బాడుగకు తిప్పుకోవాలని నాన్న ఆలోచన. అందుకు ఉన్న దారి ఒక్కటే, అమ్మకు పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎకరన్నర మెట్ట. అది అమ్మేశారు. ఇక పొలం లేదు, నెల తిరిగితే ఉద్యోగమూ ఉండదు. కొనే కారు మంచిదైతే మాకు తిండి, కాకపోతే లేదు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఆ వారమంతా అమ్మ నన్ను ఒక్కసారి కూడా తిట్టకపోవడంతో నాకే అర్థమైంది.

అమ్మ మాత్రం కొత్త కారే కావాలని పట్టుబట్టింది. "ఒకలు వాడి వదిలేసినదాన్ని నా పొలం పెట్టి కొంతావేటి?" అనేది. ఆ రోజుల్లో కొత్త కారు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. "అది వొచ్చీసరికి నీ కూతురికి పెళ్లీడు వొచ్చేస్తాదే" అనేవాడు నాన్న. ఇద్దరి మాటా నిజమే కావడంతో వాదన ఎటూ తెగేది కాదు.

చివరికి ఒక శనివారం పొద్దున్న నాన్న నన్ను వెంటబెట్టుకుని విజయనగరం రైలెక్కాడు. అక్కడ ఒక షెడ్డులో నల్ల కారు ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. మేమెక్కిన రైలు పెట్టెలోనే మా వీధి చివర వీణలు చేసే తాత కూర్చుని ఉన్నాడు. తీగలు కొనడానికి వస్తున్నాడట. ఆయన జన్మలో కారెక్కి ఎరగడు. తిరుగు రైలు సాయంత్రానికి గాని లేదు కనుక, తీగలు కొన్నాక ఊరికే మాతో పాటు షెడ్డుకు వచ్చాడు.

ఆ తాత గురించి ఒక సంగతి చెప్పాలి. ఒకే పనస దుంగను తొలిచి చేసిన వీణను ఏకాండి అంటారు. వేర్వేరు ముక్కలు కలిపి చేసింది అతుకు వీణ. అతుకుల్లో తప్పేమీ లేదు, అతుకని చెప్పి అమ్మితే చాలు అనేవాడు తాత. దుంగ కొనేముందు మొదలు నుంచి చివరి దాకా మెటికలతో తట్టుకుంటూ వెళ్లేవాడు. ఎన్నో చోట్ల తట్టి, ఎక్కడైనా మోత మారితే దుంగ వదిలేసి లేచి వచ్చేసేవాడు.

నల్ల కారు ధగధగలాడిపోతోంది. షెడ్డు ఆసామి మమ్మల్ని చూడగానే ఇంజను వేసేసి, అప్పటి నుంచి నోరు మూయలేదు. "డాక్టరుగారి బండి బాబూ, ఒక్క సేతి మీద తిరిగింది. సూడండి, మొకం సూసుకోవచ్చు!" నిజంగానే ఆ తలుపులో నా ముఖం, రిబ్బన్లతో సహా కనబడింది. నాన్న ఇంజను విన్నాడు. బాగుందని ఆయన కళ్లే చెప్పాయి. చెయ్యి చొక్కా లోపలి జేబు వైపు వెళ్లింది.

అప్పుడు తాత, "ఆ ఇంజను ఓపాలి ఆపండి బాబూ" అన్నాడు.

"ఆపితే ఏటి ఇంతావు తాతా?" అన్నాడు ఆసామి.

"అది అరుస్తన్నంతసేపూ బండి ఏటంతన్నాదో ఇనబడదు కదా."

ఆసామి పడీపడీ నవ్వాడు. "కారుకి తీగలు బిగిస్తావేటి?" అన్నాడు. నాన్న సిగ్గుతో నేల చూశాడు. కానీ ఇంజను ఆగింది. "నువ్వు కూడా ఒక్క నిమిసం ఊరుకో నాయినా" అన్నాడు తాత, ఎంతో మెత్తగా.

తలుపుల కింద పొడుగునా ఒక ఇనుప పట్టీ ఉంటుంది. తాత నేల మీద చతికిలబడి, ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి ఆ పట్టీని తట్టుకుంటూ వెనక్కి జరిగాడు. బెత్తెడుకొక తట్టు. నాకు లెక్కపెట్టే జబ్బు అప్పటికే ఉంది. మొత్తం ఇరవై నాలుగు. పదకొండో తట్టు దగ్గర ఆయన వేలు ఆగి, మళ్లీ కదిలింది. లేచి అవతలి వైపు వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. అక్కడా పదకొండో తట్టు దగ్గరే ఆగాడు.

"తాతా, రెండు పక్కలా పదకొండే" అన్నాను, ఉండబట్టలేక.

"లెక్కెట్టినావేటే? రా ఇలాగ, సెవి పెట్టు."

నేను పడుకుని ఆ చల్లని ఇనుముకు చెవి ఆనించాను. తాత తట్టాడు. ఒకటి నుంచి పది దాకా గిన్నె మీద గరిటె తగిలినట్టు మోగింది. పదకొండు దగ్గర, మాట్లాడుతున్న మనిషి నోటికి ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు, ఆ మోత ఠక్కున ఆగిపోయింది. పన్నెండు నుంచి మళ్లీ మోగింది, కానీ అది వేరే గొంతు. అంత పెద్ద కారు, అంత మెరుపు, నా చెవిలో ఒక్క చోట తడబడింది.

"ఇది ఏకాండి కాదు నాయినా. రెండు బళ్లు" అన్నాడు తాత.

నాన్న తలుపు తీసి, కాళ్ల దగ్గరి పట్టా లేపి, తాళంచెవితో రంగు గీకాడు. లోపల ఇటు పక్క నుంచి అటు పక్కకు, మానిన గాటు మచ్చలా, వెల్డింగు గీత ఉంది. ఎక్కడో వెనక నలిగిన కారు ముందు సగం, ముందు నలిగిన మరో కారు వెనక సగం. ఆసామి నవ్వు ఎటుపోయిందో నేను చూడలేదు. తాత వేలినే చూస్తున్నాను.

షెడ్డు వెనక మట్టి రంగు కారు ఇంకొకటి ఉంది. దానికన్నా ఏడేళ్లు పాతది. తలుపుకు సొట్ట, హారను పలకదు. తాత రెండు వైపులా ఇరవై నాలుగేసి తట్టాడు. అంతా ఒకటే గొంతు. "ముసిల్దే గానీ, ఏకాండి. ఇంజను సంగతి నీకు తెలుసు, ఒంటి సంగతి నేను సెప్పీసినాను" అన్నాడు.

సాయంత్రం రైలెక్కలేదు. ఆ మట్టి రంగు కారులోనే ముగ్గురం ఇంటికొచ్చాం. తాత జన్మలో మొదటిసారి కారెక్కి, దారి పొడుగునా తీగల పొట్లాం ఒళ్లో పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి, "పాతదొద్దంటే ముసిల్దాన్ని తెచ్చావా!" అంది. తర్వాత రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు. ఆ ముసలి కారు పందొమ్మిదేళ్లు తిరిగింది. నా చదువు, నా పంతులమ్మ ఉద్యోగం దాని చక్రాల మీదే వచ్చాయి.

కిందటి నెల ఎచ్చెర్లలో పనిచేసే మా మనవరాలు కొత్త కారా, పాత కారా అని రెండు పట్టికలు రాసుకుని నా ముందు కూర్చుంది. పట్టికల కూడికలో ఒక తప్పు దిద్దాను. తర్వాత, ఆ పాత కారు చూద్దాం పద అన్నాను.

అమ్మే కుర్రాడు మర్యాదస్థుడే. ఏసీ, పాటలు, ఇంజను అన్నీ వేసి చూపిస్తున్నాడు. "బాబూ, అన్నీ ఓసారి ఆపు" అన్నాను. కర్ర ఆనించి వంగి, పట్టీ మీద మెటికతో తట్టడం మొదలుపెట్టాను. మనవరాలు సిగ్గుతో నేల చూసింది. ఆ మోతలో నాకేమీ తెలియలేదు. ఈ కాలపు కార్ల కింద పట్టీ మీద కూడా ప్లాస్టిక్కే. అయినా నిదానంగా ఒకటి, రెండు, మూడు అనుకుంటూ వెనక్కి జరిగాను. ఎవరూ మాట్లాడటం లేదు.

తొమ్మిదో తట్టు దగ్గర ఆ కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. "మామ్మగారూ, వెనక తలుపు ఒకపాలి మార్పించాం. సెప్దామనే అనుకుంతన్నాను."

"మరి చెప్పావుగా నాయనా" అన్నాను.

మనవరాలు ఆ కారే కొంది. దారిలో, "ఏం వినిపించింది అమ్మమ్మా?" అని అడిగింది. తాత చెవి నాకు రాలేదు, ఎవరికీ రాలేదు. ఆయన దగ్గర నాకు అబ్బింది ఇంజను ఆపమనడం ఒక్కటే. ఆ తర్వాత కారైనా మాట్లాడుతుంది, మనిషైనా మాట్లాడతాడు. తొమ్మిదో తట్టు దాకా ఓపిక పట్టాలి, అంతే.