పేరు మీద ప్లాస్టరు

పోయిన సోమవారం ఉదయం మగవాళ్ల సర్జికల్ వార్డులో రౌండ్స్ మొదలు కాకముందే మా ఫార్మకాలజీ సార్ చనిపోయారని తెలిసింది. పత్తికొండలో అన్నగారి ఇంట్లో, తెల్లవారుజామున, గుండెపోటు. ఆ మాట చెప్పిన సిస్టర్ థర్మామీటరు పట్టుకొని ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత పక్క మంచానికి వెళ్లింది. మేమూ కేస్ షీట్లు చేతిలోకి తీసుకున్నాం. సార్ ఉన్నా అదే చేయమనేవారు.

నేను కర్నూలులో డాక్టరు చదువు చదువుతున్నాను. మాది రాజంపేట. సార్ గురించి రాయడానికి నాకంటే తగినవాళ్లు చాలామంది ఉన్నారు. అయినా ఆయన పాటించిన ఒక పద్ధతి, దానికి ఒకసారి ఎదురైన పరీక్ష, నేను దగ్గరుండి చూశాను. అందుకే ఈ నాలుగు మాటలు.

నెలకొక శనివారం మధ్యాహ్నం సార్ ఒక తరగతి నడిపేవారు. హౌస్ సర్జన్లు, వార్డు సిస్టర్లు, పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు వచ్చేవారు. మాలాంటి విద్యార్థులు వెనక బెంచీల్లో కూర్చోవచ్చు. యాంటీబయాటిక్ ఎప్పుడు రాయాలి, ఎప్పుడు రాయకూడదు అన్నదే పాఠం. ఎవరు చూసిన రోగుల కేస్ షీట్లు వాళ్లు తేవాలి. సార్ జేబులోంచి ప్లాస్టరు చుట్ట తీసి, ముక్కలు చించి, రోగి పేరు మీద ఒకటి, డాక్టరు పేరు మీద ఒకటి అంటించేవారు. తర్వాత అన్నీ కలిపి పంచేవారు. చేతికి వచ్చిన షీటును పైకి చదవాలి. మందు పేరు రాగానే సార్ అడిగేది ఒకటే మాట: "దేన్ని చూసి?"

జ్వరం చూసి అంటే ఒప్పుకునేవారు కాదు. గొంతు చూశారా, రక్తపరీక్ష చేయించారా, మందుకు ముందు చీము ల్యాబుకు పంపారా అని అడిగేవారు. పేర్లు ఎందుకు మూయాలని ఒక సిస్టర్ అడిగితే, "పేరు కనపడితే కన్ను దాని మీదికే పోతాదమ్మా. పెద్ద మనిషైతే పెద్ద మందు రాస్తాం" అన్నారు.

ఒకసారి పత్తికొండ వైపు నుంచి వచ్చిన డాక్టరు ఒకాయన చేతిలో షీటుతో పకపకా నవ్వాడు. "ఉత్త జలుబుకు ఇంత మందా! ఎవరప్పా ఈ మహానుభావుడు?" సార్ దగ్గరికి వచ్చి ప్లాస్టరు కొస పట్టుకొని మెల్లగా ఊడదీశారు. కింద ఉన్నది ఆ డాక్టరు పేరే.

గదంతా గొల్లున నవ్వింది. ఆయన తేరుకొని, "ఏం చేసేది సార్? సూది వేయకుంటే మా ఊరోళ్లు కుర్చీలోంచి లేచి పోరు. ఉత్త మాత్రలకా ఇంత దూరం వచ్చిండేది అంటారు" అన్నాడు.

"ఏ సూదో కూడా వాళ్లే చెప్పినారా?"

"ఎర్రది వేయమంటారు సార్."

"ఎర్రది బలానికేసే విటమిను. అదే వేసింటే నేను గమ్మునుందును గదప్పా. నువ్వు రాసిండేది ఏంది?"

ఆయన కూడా నవ్వేశాడు. గమ్మునుండడం కూడా వైద్యమేనని సార్ తరచూ అనేవారు. ఈ మధ్యే మాటల మీద ఇష్టం పెరిగిన నాకు ఆ 'గమ్మునుండడం' చాలా రోజులు మనసులో తిరిగింది. తమ టమాటా చేలో పురుగు చావకపోతే అన్నదమ్ములు ఇంకా గట్టి మందు తెచ్చి కొట్టేవారని, చివరికి ఏ మందుకూ లొంగని పురుగు మిగిలిందని కూడా సార్ చెప్పేవారు.

నిరుడు ఎండాకాలం అదే చేలో నడుస్తుంటే సార్ పాదంలో తుమ్మముల్లు దిగింది. షుగరు ఉన్న కాలు కాబట్టి నొప్పి తెలియలేదు. మా వార్డుకు వచ్చేసరికి వాపు చీలమండ దాటింది. సర్జన్ మేడం గాయం కోసి శుభ్రం చేసి, లోపలి చీము ల్యాబుకు పంపి, వెంటనే పెద్ద ఇంజెక్షన్ మొదలుపెట్టించారు. జ్వరం మాత్రం దిగలేదు. ఇలాగే ఉంటే పాదం తీయాల్సి రావచ్చని మేడం దాచకుండా చెప్పారు.

అప్పుడు రిపోర్టు వచ్చింది. పెద్ద ఇంజెక్షన్‌కు ఆ క్రిమి లొంగలేదు. ఎప్పటినుంచో ఉన్న మామూలు మందుకు లొంగింది. కర్నూలులోనే వ్యాపారం చేసే సార్ కొడుకు మండిపడ్డాడు. "మా నాయనకు పాత మందు వేస్తారా? ఇంకా గట్టిది యాడున్నా తెప్పిస్తా. దుడ్లకు చూసుకోవద్దండి."

హౌస్ సర్జన్ అన్న చేతిలో పెన్ను కదలలేదు. "సార్, దీంతోపాటు ఇంకో గట్టిది కూడా కలుపుదామా? సేఫ్టీకి."

"ఎవరి సేఫ్టీకప్పా? నాకా, నీకా?"

"ఇద్దరికీ సార్."

సార్ నవ్వారు. జ్వరంతో పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "డ్రెస్సింగ్ ట్రేలో ప్లాస్టరు ఉండాది చూడు. నా పేరు మీద అంటించు. ఆ, ఇప్పుడు చదువు."

అన్న చదివాడు. పెద్ద వయసు, షుగరు, ముల్లు గాయం, రిపోర్టు. చదివే కొద్దీ గొంతు నిలకడగా వచ్చింది. పెద్ద ఇంజెక్షన్‌ను కొట్టేసి, రిపోర్టు చెప్పిన మందు ఒక్కటే రాశాడు. సర్జన్ మేడం చూసి సరేనన్నారు. "నాయనా, నువ్వైనా చెప్పు" అని కొడుకు మంచం మీదికి వంగాడు. "చెప్పినా గదరా, పో, టీ తాగిరా పో" అన్నారు సార్.

జ్వరం మెల్లగా దిగింది. పాదం సంగతి మాత్రం కట్టు విప్పితే గానీ తెలియదు. ఆ ఉదయం మేడం గాజుగుడ్డ తడిపి పొరలు తీస్తుంటే సార్ మమ్మల్ని పిలిచారు. "రాండి, అంత దూరంలో నిలబడితే ఏం కనపడతాది?" మేము వంగాం. ఆయన మాత్రం ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. అందరినీ చూడమనే మనిషి తన పాదాన్ని తాను చూడలేకపోయారు.

"ఎట్లుండాదమ్మా?" అని నన్ను అడిగారు.

"బాగుంది సార్."

"బాగుంది అంటే? కనపడేది చెప్పు."

"అడుగున ఎర్రగా, తడిగా ఉంది సార్. చీము లేదు. నలుపు లేదు. అంచుల్లో కొత్త చర్మం వస్తోంది."

"వాసన?"

"లేదు సార్."

"కాలు మీకే ఉంటుంది సార్, మాకేం వద్దు" అన్నారు మేడం. సిస్టర్ నవ్వింది. మంచం ఇనుప పట్టీని బిగించి పట్టుకున్న సార్ వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. ముఖం ఇంకా కిటికీ వైపే ఉంది.